కంప్యూటర్‌లో ఉన్న ర్యామ్ ఎంతో తప్పు లేకుండా తెలుసుకోవడం: లైబ్రరీ వెర్షన్లు మారినా చెదరని పద్ధతి

బెంగళూరు మారతహళ్లిలో మేము కొందరం తెలుగువాళ్లం కలిసి, భవన నిర్మాణ పనుల కోసం వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఒక చిన్న కంప్యూటర్ గది నడుపుతున్నాం. దానికోసం ఎస్పీ రోడ్డులో వాడిన డెస్క్‌టాప్‌లు 22 కొన్నాం. ఒక్కోదానిలో 8 జీబీ ర్యామ్ ఉండాలన్నది ఒప్పందం. కొన్నింటిలో పాత యజమానులు వేసిన లినక్స్ ఉంది, కొన్నింటిలో విండోస్ ఉంది. మా బృందంలో ఒకరు ఏళ్ల కిందట పైథాన్ భాషలో రాసిపెట్టిన లెక్కింపు ప్రోగ్రామును వాటన్నిటి మీదా నడిపితే, కొన్ని యంత్రాలలో అది ఆరంభంలోనే ఆగిపోయింది. దాన్ని హడావిడిగా సరిచేసి మళ్లీ నడిపితే 7.6 అనీ 7.8 అనీ చూపి, ఒక్క యంత్రంలో కూడా చెప్పినంత ర్యామ్ లేదని తేల్చింది.

నేను వెంటనే దుకాణానికి ఫోన్ చేసి అనకూడని మాట అన్నాను. దుకాణం నడిపే ఆయన కూడా తెలుగువారే. గొంతు పెంచకుండా, “సార్, మూత తీసి ర్యామ్ మీద అంటించిన చీటీ చదవండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం” అన్నారు. మూత తీసిన మొదటి మూడు యంత్రాలలోనూ 8 జీబీ చీటీయే ఉంది. ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. ప్రోగ్రామును మాత్రం మొదటినుంచీ తిరగరాయవలసి వచ్చింది. అలా రాసేటప్పుడు పాటించిన మెట్లను, ఒక్కొక్క మెట్టు వెనకున్న కారణంతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా పైథాన్ నుంచే తీసుకున్నా, ఇదే చిక్కు జావాలోనూ రస్ట్‌లోనూ ఎలా ఎదురవుతుందో కూడా చెబుతాను. లైబ్రరీలలోని (అంటే ఇతరులు రాసిపెట్టిన, మనం పిలిచి వాడుకునే కోడ్‌లలోని) పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను కాబట్టి, ప్రోగ్రాములో వాటిని ఆయా లైబ్రరీల అసలు అక్షరక్రమంలో టైపు చేసుకోవాలి.

మొదటి మెట్టు: ఏ ప్రశ్న అడుగుతున్నామో తేల్చుకోవడం

“ఈ కంప్యూటర్‌లో ఎంత మెమరీ ఉంది?” అన్నది చూడటానికి ఒక్క ప్రశ్నలా ఉన్నా, అందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మదర్‌బోర్డు మీద గుచ్చిన ర్యామ్ ముక్కల మొత్తం ఎంత అన్నది ఒకటి. అందులోంచి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చినది ఎంత అన్నది రెండోది. మన ప్రోగ్రాము వాడుకోవడానికి అనుమతి ఉన్నది ఎంత అన్నది మూడోది. సామాను సరిచూసుకునేవారికి మొదటి జవాబు కావాలి, పనితీరు అంచనా వేసేవారికి రెండోది కావాలి, డేటాబేస్‌కు ఎంత క్యాష్ (తరచు కావలసిన సమాచారాన్ని దగ్గర ఉంచుకునే మెమరీ) కేటాయించాలో నిర్ణయించే ప్రోగ్రాముకు మూడోది కావాలి. ఒకరి జవాబు మరొకరికి పనికిరాదు.

మా ప్రోగ్రాము చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. లినక్స్‌లో ప్రాక్ డైరెక్టరీలోని మెమ్‌ఇన్ఫో ఫైలు మొదటి వరుసలో ‘మెమ్‌టోటల్’ అనే అంకె ఉంటుంది. అది గుచ్చిన ర్యామ్ కాదు. ఫర్మ్‌వేర్ (బయోస్ లాంటి, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) తనకోసం ఉంచుకున్న భాగం, ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న గ్రాఫిక్స్ కోసం బయోస్ పక్కన పెట్టిన భాగం, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కేంద్ర భాగం) తన సొంత కోడ్‌కూ తొలి కేటాయింపులకూ తీసుకున్న భాగం, ఇవన్నీ పోగా మిగిలినది. 8 జీబీ అంటే 83,88,608 కిలోబైట్లు కావాలి. మా యంత్రాలలో ఒకటి చూపింది 80,23,512. తేడా దాదాపు 356 మెగాబైట్లు. జీబీలలోకి మారిస్తే 7.65 వస్తుంది. అక్కడ దొంగతనం ఏమీ జరగలేదు.

కొందరు ఈ తేడాను దాచడానికి అంకెను దాని పైనున్న 2 యొక్క ఘాతానికి (4, 8, 16 వరుసలోని అంకెకు) సవరించేస్తారు, 7.65 వస్తే 8 అంటారు, 11.6 వస్తే 16 అంటారు. ఈ పని చేయకండి. వాడిన యంత్రాలలో 8 జీబీ ముక్క పక్కన 4 జీబీ ముక్క గుచ్చి 12 చేయడం చాలా మామూలు విషయం. ఆ యంత్రాన్ని 16 అని రాసుకుంటే పుస్తకంలోకి లేని ర్యామ్ ఎక్కుతుంది.

రెండో మెట్టు: లైబ్రరీలో ఏ పేరు ఉందో అడగడం, వెర్షన్ అంకెను నమ్మకపోవడం

పైథాన్‌లో ఈ పనికి ఎక్కువమంది వాడేది పీఎస్‌యుటిల్ లైబ్రరీ. మా పాత ప్రోగ్రాము ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే ఆ లైబ్రరీలో పేర్లు మారిన తీరు తెలియాలి. తొలి వెర్షన్లలో మొత్తం ర్యామ్ ‘టోటల్_ఫైమెమ్’ అనే స్థిరాంకంగా ఉండేది. 0.3.0 వెర్షన్‌లో ‘ఫైమెమ్_యూసేజ్’ అనే ఫంక్షన్ వచ్చింది. అది తిరిగి ఇచ్చే వస్తువులో ‘టోటల్’ ఒక గడి. 0.6.0 వెర్షన్‌లో దాని స్థానంలోకి ‘వర్చువల్_మెమరీ’ వచ్చింది. ఇప్పటికీ వాడవలసినది ఇదే. 2.0 వెర్షన్‌లో లైబ్రరీ రచయితలు పేర్లన్నిటినీ ఒక పద్ధతిలోకి తెచ్చి పాతవాటిని కాలం చెల్లినవిగా ప్రకటించారు, 3.0 వెర్షన్‌లో వాటిని పూర్తిగా తీసేశారు. అందుకే పాత స్థిరాంకాన్ని అడిగిన మా ప్రోగ్రాము, పాత లైబ్రరీ ఉన్న యంత్రాలలో నడిచింది, కొత్త లైబ్రరీ ఉన్నవాటిలో అలాంటి పేరే లేదంటూ నిలిచిపోయింది.

ఇక్కడ మొదట తట్టే ఉపాయం వెర్షన్ అంకెను చదివి, ఇంతకంటే కొత్తదైతే ఇది, పాతదైతే అది అని రాయడం. దీనిలో రెండు ప్రమాదాలున్నాయి. వెర్షన్‌ను అక్షరాల వరుసగా పోలిస్తే 0.26 కంటే 0.9 పెద్దదవుతుంది, ఎందుకంటే చుక్క తరవాత 2 కంటే 9 పెద్దది. భాగాలుగా విడగొట్టి, అంకెలుగా మార్చి పోల్చితేనే సరైన వరుస వస్తుంది. రెండో ప్రమాదం ఇంకా లోతైనది: లినక్స్ పంపిణీలను నడిపేవారు పాత వెర్షన్ పేరుతోనే కొత్త మార్పులను వెనక్కి తెచ్చి చేర్చుతుంటారు, కాబట్టి అంకె ఒకటి చెప్పి, లోపలి సరుకు మరొకటి కావచ్చు.

కాబట్టి కావలసిన పేరు లైబ్రరీలో ఉందా లేదా అని నేరుగా అడగండి. పైథాన్‌లో ‘గెట్‌అట్ర్’ అనే అంతర్నిర్మిత ఫంక్షన్‌కు మూడో విలువగా ‘నన్’ (ఏమీ లేదని చెప్పే విలువ) ఇస్తే, పేరు లేనప్పుడు ప్రోగ్రాము ఆగకుండా ‘నన్’ తిరిగి వస్తుంది. మొదట ‘వర్చువల్_మెమరీ’ కోసం చూడండి. ఉంటే పిలిచి ‘టోటల్’ గడిని తీసుకోండి. లేకపోతే ‘ఫైమెమ్_యూసేజ్’ కోసం చూసి, దాని ‘టోటల్’ తీసుకోండి. అదీ లేకపోతే ‘టోటల్_ఫైమెమ్’ ను నేరుగా చదవండి. వరుస కొత్తదాని నుంచి పాతదానికే సాగాలి; తిప్పి రాస్తే, రెండు పేర్లూ ఉన్న మధ్య కాలపు వెర్షన్లలో కాలం చెల్లిన హెచ్చరికలు కుప్పలుగా వస్తాయి. గడిని ఎప్పుడూ పేరుతోనే తీసుకోండి, ‘మొదటి స్థానంలోది’ అని తీసుకోకండి, ఎందుకంటే స్థానాలు మారినా పేరు మారకుండా ఉండే అవకాశమే ఎక్కువ.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఈ మూడు ప్రయత్నాలనూ పొరపాట్లను పట్టే ఒకే పెద్ద ‘ట్రై’ లో చుట్టి, ఏ పొరపాటు వచ్చినా మింగేసేలా రాయవద్దు. పేరు లేకపోవడం వేరు, పేరు ఉండి పిలిచినప్పుడు అనుమతి దొరకకపోవడం వేరు. మొదటిది తరవాతి మార్గానికి వెళ్లమనే సూచన, రెండోది మనకు తెలియవలసిన సమాచారం.

జావాలో ఇదే కథ ఇంకో రూపంలో ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలిచ్చే ఎంఎక్స్‌బీన్ అనే జావా వస్తువులో ‘గెట్ టోటల్ ఫిజికల్ మెమరీ సైజ్’ అనే మెథడ్‌ను 2020లో వచ్చిన జావా 14 కాలం చెల్లినదిగా ప్రకటించి, ‘గెట్ టోటల్ మెమరీ సైజ్’ ను తెచ్చింది. పాత, కొత్త జావాలు రెండింటిలోనూ నడవాలంటే రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రాము నడుస్తుండగా మెథడ్‌ను పేరుతో వెతికే ఏర్పాటుతో) కొత్త పేరును ముందు వెతికి, లేకపోతే పాతదాన్ని వాడాలి. వెతికేది వస్తువు తాలూకు అసలు క్లాసులో కాదు, బయటికి ప్రకటించిన ఇంటర్‌ఫేస్‌లో. జావా 9 నుంచి వచ్చిన మాడ్యూళ్ల గోడల వల్ల, లోపలి క్లాసు నుంచి తీసిన మెథడ్‌ను పిలిస్తే ప్రవేశం లేదని తిప్పి పంపుతుంది.

మూడో మెట్టు: కొలమానాన్ని సరిచూడడం

పేరు మారితే ప్రోగ్రాము ఆగిపోతుంది. అది మంచిదే, తప్పు వెంటనే కనిపిస్తుంది. పేరు అలాగే ఉండి కొలమానం మారినప్పుడే అసలు నష్టం. రస్ట్ భాషలోని సిస్‌ఇన్ఫో లైబ్రరీలో ‘టోటల్_మెమరీ’ ఫంక్షన్ 0.26 వెర్షన్‌కు ముందు కిలోబైట్లలో జవాబిచ్చేది, ఆ వెర్షన్ నుంచి బైట్లలో ఇస్తోంది. పేరు అదే, తిరిగి వచ్చే రకం అదే, కంపైలర్ ఒక్క మాట కూడా అనదు. పాత అలవాటు కొద్దీ 1024తో గుణించే ప్రోగ్రాము కొత్త లైబ్రరీ మీద 16 జీబీ యంత్రాన్ని 16 టెరాబైట్లని చెబుతుంది. మానికతో కొలిచిన గింజలను కుంచాలని రాసుకున్నట్టే.

లినక్స్ మెమ్‌ఇన్ఫో ఫైలులో అంకె పక్కన రాసి ఉండే కిలోబైట్ అంటే 1000 బైట్లు కాదు, 1024. ర్యామ్ చీటీ మీది 8 జీబీ అంటే 8,58,99,34,592 బైట్లు. దాన్ని వంద కోట్లతో భాగిస్తే 8.59 వస్తుంది. ఈ రెండు లెక్కలను వేరుచేయడానికే 1998లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం కిబీబైట్, మెబీబైట్, గిబీబైట్ అనే పేర్లను ప్రకటించింది. ఎస్పీ రోడ్డులో గిబీబైట్ అని అడిగేవారు ఉండరు కానీ, ప్రోగ్రాము లోపలి చరరాశుల పేర్లలో మాత్రం ఆ తేడా స్పష్టంగా ఉండాలి.

ఆచరణలో నేను పెట్టుకున్న నియమం ఇది: లోపల అంతటా బైట్లే, జీబీలలోకి మార్చడం తెర మీద చూపే చివరి వరుసలో మాత్రమే. దానితోపాటు, వచ్చిన విలువ నమ్మదగిన హద్దులలో ఉందా అని ఒక పరీక్ష పెట్టండి. ఆధునిక డెస్క్‌టాప్‌లో 256 మెగాబైట్ల కంటే తక్కువ వస్తే, అది బహుశా బైట్లనుకున్న కిలోబైట్లు. అదే డెస్క్‌టాప్‌లో కొన్ని టెరాబైట్లు వస్తే, ఎక్కడో రెండుసార్లు గుణించారు. హద్దు దాటినప్పుడు ప్రోగ్రాము తనంతట తాను 1024తో సవరించుకోకూడదు. ఆగి, వచ్చిన అంకెను ఉన్నదున్నట్టు చూపాలి. ఊహించి సవరించే ప్రోగ్రాము ఒకరోజు సరైన అంకెను కూడా చెడగొడుతుంది.

లైబ్రరీ ఏదీ లేని యంత్రంలో పేజీల సంఖ్యను పేజీ పరిమాణంతో గుణించే పద్ధతి ఉంది; పైథాన్‌లో ‘సిస్‌కాన్ఫ్’ ద్వారా రెండూ దొరుకుతాయి. పేజీ పరిమాణాన్ని కూడా అడిగే తెలుసుకోవాలి, 4096 అని రాసిపెట్టకూడదు. ఆపిల్ సొంత చిప్‌ల మ్యాక్‌లలో అది 16,384. సీ భాషలో లినక్స్ ‘సిస్‌ఇన్ఫో’ కాల్ (పైన చెప్పిన రస్ట్ లైబ్రరీ కాదు) వాడేవారు కూడా ‘టోటల్‌ర్యామ్’ ను ‘మెమ్_యూనిట్’ తో గుణించడం మరవకూడదు. చాలా యంత్రాలలో ఆ యూనిట్ 1 కాబట్టి, మరచినా పరీక్షలలో తప్పు బయటపడదు.

నాలుగో మెట్టు: గుచ్చిన ర్యామ్‌ను నిజంగా లెక్కించడం

పై లైబ్రరీ పిలుపులన్నీ రెండో ప్రశ్నకే జవాబు చెబుతాయి. గుచ్చిన ముక్కల లెక్క కావాలంటే ఫర్మ్‌వేర్ హార్డ్‌వేర్ వివరాలు రాసిపెట్టిన ఎస్ఎంబయోస్ పట్టికలను చదవాలి. వాటిలో 17వ రకం పట్టిక ఒక్కో ర్యామ్ స్లాటుకు ఒకటి చొప్పున ఉంటుంది. లినక్స్‌లో ‘డీఎంఐడీకోడ్’ ఆదేశం దీన్ని చదివి పెడుతుంది, దానికి రూట్ (నిర్వాహకుడి) అనుమతి కావాలి. విండోస్‌లో మామూలు వాడుకరికే ఈ సమాచారం దొరుకుతుంది. ‘గెట్ ఫిజికల్లీ ఇన్‌స్టాల్డ్ సిస్టమ్ మెమరీ’ అనే ఫంక్షన్ ఎస్ఎంబయోస్ నుంచే లెక్కించి కిలోబైట్లలో ఇస్తుంది. ‘గ్లోబల్ మెమరీ స్టేటస్ ఈఎక్స్’ ఇచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చిన మొత్తం, అదీ బైట్లలో. ఈ రెండింటినీ పక్కపక్కన చూపితే ఎక్కువ అపార్థాలు అక్కడే తీరిపోతాయి. విండోస్ సెట్టింగులలో 8 జీబీ అని చూపి, పక్కనే ఇంత వాడుకోదగినది అని రాసేది కూడా ఈ తేడానే. చివర ఈఎక్స్ లేని పాత ‘గ్లోబల్ మెమరీ స్టేటస్’ ను మాత్రం ముట్టుకోకండి, 4 జీబీ దాటిన యంత్రాలలో అది తప్పు విలువ ఇవ్వగలదు. ఈఎక్స్ ఉన్నదాన్ని పిలిచేముందు, అందించే నిర్మాణంలోని పొడవు గడిని నింపాలి. నింపకపోతే పిలుపు విఫలమవుతుంది, విఫలమైందో లేదో చూడని ప్రోగ్రాము సున్నాను జవాబుగా తీసుకుంటుంది.

ఎస్ఎంబయోస్ పట్టికను స్వయంగా చదివేవారు పరిమాణం గడి దగ్గర ఆగి ఆలోచించాలి. అది 16 బిట్ల గడి. విలువ సున్నా అయితే స్లాటు ఖాళీ. 65,535 అయితే పరిమాణం తెలియదని అర్థం, దాన్ని కూడికలో చేర్చకూడదు. పై బిట్ 0 అయితే మిగిలిన అంకె మెగాబైట్లలో, 1 అయితే కిలోబైట్లలో. 32,767 అయితే ముక్క ఈ గడిలో పట్టనంత పెద్దదని అర్థం, అప్పుడు ఎస్ఎంబయోస్ 2.7 వెర్షన్‌లో చేర్చిన విస్తృత పరిమాణం గడిని చదవాలి. ఈ ఒక్క షరతు మరచిపోయిన ప్రోగ్రాములు, 32 జీబీ ముక్కలు గుచ్చిన సర్వర్లలో వింత అంకెలు చూపుతాయి.

రూట్ అనుమతి లేని లినక్స్‌లో ఒక మధ్యే మార్గం ఉంది. ‘ఎల్ఎస్‌మెమ్’ ఆదేశం కెర్నల్ మెమరీని విభజించుకున్న బ్లాకులను కూడి చూపుతుంది. కెర్నల్ తనకోసం తీసుకున్న భాగం కూడా అందులో ఉంటుంది కాబట్టి, మెమ్‌టోటల్ కంటే గుచ్చిన ర్యామ్‌కు ఇది దగ్గరగా ఉంటుంది. ఇది దగ్గర లెక్కే అన్న సంగతి ఫలితంలో రాయండి. రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులలో ఎస్ఎంబయోస్ పట్టికలే ఉండవు, వర్చువల్ యంత్రంలో ఆ పట్టికలు చెప్పేది నిజమైన ముక్కల గురించి కాదు. మ్యాక్‌లో ‘సిస్‌కంట్రోల్’ ద్వారా ‘మెమ్‌సైజ్’ విలువ అడగాలి. అది 64 బిట్లది. దాని పక్కనున్న పాత ‘ఫిజ్‌మెమ్’ 32 బిట్లకే పరిమితం కాబట్టి పెద్ద యంత్రాలలో పనికిరాదు.

ఐదో మెట్టు: కంటెయినర్ హద్దును గుర్తించడం

మా గదికి దీని అవసరం లేదు కానీ, ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ పని చేసే పాఠకులలో చాలామందికి ఉంటుంది. డాకర్ వంటి కంటెయినర్ (ప్రోగ్రామును మిగతావాటినుంచి వేరుచేసి నడిపే ఏర్పాటు) లోపల మెమ్‌ఇన్ఫో ఫైలు సాధారణంగా ఆతిథ్య యంత్రం మొత్తాన్నే చూపుతుంది, పీఎస్‌యుటిల్ ఆ ఫైలునే చదువుతుంది. 64 జీబీ సర్వర్ మీద 2 జీబీ హద్దుతో నడుస్తున్న ప్రోగ్రాము తనకు 64 ఉన్నాయనుకుని క్యాష్ పెంచుకుంటే, కెర్నల్ దాన్ని చంపేస్తుంది.

హద్దు సీగ్రూప్ (ప్రోగ్రాముల గుంపు ఎంత మెమరీ వాడవచ్చో కెర్నల్ హద్దు పెట్టే ఏర్పాటు) ఫైళ్లలో ఉంటుంది. రెండో తరం సీగ్రూప్‌లో ‘మెమరీ.మ్యాక్స్’ ఫైలు చదవాలి. హద్దు లేకపోతే అందులో అంకెకు బదులు ‘మ్యాక్స్’ అనే పదం ఉంటుంది, దాన్ని అంకెగా మార్చబోతే ప్రోగ్రాము ఆగిపోతుంది. మొదటి తరంలో ‘లిమిట్_ఇన్_బైట్స్’ ఫైలులో, హద్దు లేదనడానికి 64 బిట్ల గరిష్ఠానికి దగ్గరి అంకె ఉంటుంది. సీగ్రూప్ హద్దు, మెమ్‌టోటల్ రెండింటిలో చిన్నదే మూడో ప్రశ్నకు జవాబు. పైన చెప్పిన జావా మెథడ్ ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది: జావా 14 నుంచి అది కంటెయినర్ హద్దును లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, అదే ప్రోగ్రాము పాత జావా మీద 64 అనీ కొత్త జావా మీద 2 అనీ చెప్పవచ్చు. రెండూ నిజమే, వేర్వేరు ప్రశ్నలకు.

ఆరో మెట్టు: అంకెతోపాటు దాని పుట్టుకను కూడా దాచుకోవడం

ఫంక్షన్ ఒట్టి అంకెను తిరిగి ఇస్తే, ఆరు నెలల తరవాత ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. బైట్ల విలువ, అది మూడు ప్రశ్నలలో దేనికి జవాబు, ఏ మార్గంలో దొరికింది, అప్పటి లైబ్రరీ వెర్షన్ ఏది అన్న నాలుగింటినీ కలిపి ఇవ్వండి. దొరకనప్పుడు సున్నా ఇవ్వకండి, ‘నన్’ ఇవ్వండి; సున్నా కూడికలలో కలిసిపోయి మొత్తాన్ని పాడుచేస్తుంది.

పాత లైబ్రరీలను పరీక్షించడానికి వాటిని కొత్త పైథాన్ మీద ఎక్కించడానికి తంటాలు పడనవసరం లేదు, చాలావరకు ఎక్కవు కూడా. ‘ఫైమెమ్_యూసేజ్’ మాత్రమే ఉన్న నకిలీ వస్తువు ఒకటి, స్థిరాంకం మాత్రమే ఉన్నది ఒకటి, ఏమీ లేనిది ఒకటి తయారుచేసి మన ఫంక్షన్‌కు అందిస్తే, ప్రతి మార్గమూ నడుస్తుందో లేదో తెలుస్తుంది. అందుకు వీలుగా, ఫంక్షన్ లైబ్రరీని లోపల దిగుమతి చేసుకోకుండా బయటినుంచి అందుకునేలా రాయండి. ఆ పైన కనీసం రెండు మూడు నిజమైన యంత్రాల మూతలు తీసి, చీటీల మీది అంకెలతో పోల్చి చూడండి.

తిరగరాసిన ప్రోగ్రామును మళ్లీ 22 యంత్రాల మీదా నడిపాం. 21 యంత్రాలలో గుచ్చిన ర్యామ్ 8 జీబీ అనీ, సిస్టమ్ చేతికి వచ్చినది 7.6కీ 7.9కీ మధ్య అనీ వచ్చింది. కిటికీ పక్కనున్న యంత్రంలో మాత్రం ఒక స్లాటులో 4, పక్క స్లాటులో సున్నా. మొదటిరోజు పాత ప్రోగ్రాము అన్నిటినీ తప్పుపట్టడంతో, నిజంగా తక్కువ చూపిన ఈ ఒక్కదాన్ని ఎవరూ విడిగా చూడలేదు. మూత తీస్తే రెండో 4 జీబీ ముక్క స్లాటులో సగమే దిగి, ఒక వైపు పైకి తేలి ఉంది. కరెంటు తీసి, రెండు చివర్లూ క్లిప్పులు పడేదాకా నొక్కి, మళ్లీ నడిపితే 8 వచ్చింది.